కారు మైలేజీ, ఖాదరన్న చెవులు

కొల్లేరు చూసొచ్చానని తెలిసినప్పటి నుంచి మా ధర్మవరంలో అందరూ నన్ను పక్షుల గురించే అడుగుతున్నారు. చూశాను, ఉన్నాయి, లెక్కలేనన్ని ఉన్నాయి. మా ఊళ్ళో చెరువు నిండితే పేపర్లో ఫోటో వేస్తారు. అక్కడ నీళ్ళు లేని చోటు ఎక్కడుందా అని వెతుక్కోవాలి. తిండి సంగతి, మర్యాదల సంగతి కూడా రాస్తాను. కానీ ఆ ప్రయాణం తలుచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది పక్షి కాదు, స్టీరింగు వెనక ఆకుపచ్చ వెలుగులో కనబడే చిన్న అంకె. దాన్ని చూసి నేను చెప్పిన మాటల వల్ల ఒక మంచి మనిషికి తన చెవుల మీద ఉన్న నమ్మకం పోయింది. చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. ఆ సంగతి తలుచుకున్నా ఊరట కలగడం లేదు.

ఏలూరు

ఖాదరన్నది ఏలూరు, తివాచీల వ్యాపారం. నాది పట్టుచీరల వ్యాపారం. చేనేత ఎగ్జిబిషన్లలో మా స్టాళ్ళు పక్కపక్కన పడి, అలా కుదిరిన స్నేహం. ఇన్నేళ్ళయినా ఆయన నన్ను "నారాయణగారూ" అనే పిలుస్తాడు. మాట చివర అండీ లేకుండా ఆయన నోటి నుంచి వాక్యం బయటికి రాదు. నేనేమో మొదటి రోజు నుంచీ ఖాదరన్నా అనే అంటున్నాను. మా సీమలో ప్రేమగా పిలిచినా కొట్లాటకు వచ్చినట్టు ఉంటుందని నన్ను అన్నయ్యగారూ అని పిలిచే ఆయన భార్య రజియమ్మ నవ్వుతూ ఉంటుంది.

షుగరు వల్ల ఖాదరన్నకు చూపు తగ్గుతూ తగ్గుతూ పోయిన చలికాలానికి పూర్తిగా పోయింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. కారు అమ్మేయాలనుకున్నాడు, కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఇవ్వడం ఇష్టంలేక నాకు ఫోను చేశాడు. ఒకటే షరతు పెట్టాడు. తీసుకెళ్ళే ముందు తననూ రజియమ్మనూ నాలుగు చోట్లకు తిప్పాలి. "మీరు నడపండి, నేను వింటానండి" అన్నాడు.

ఆ వినడమేమిటో దిగిన రోజునే చూపించాడు. పెసరట్టు ఉప్మా పెట్టించి, అది అరిగేలోపే ఇంటి వెనక మగ్గాల షెడ్డుకు తీసుకెళ్ళాడు. తివాచీ నేసేటప్పుడు ఒక్కో వరస ముడులు వేశాక పంజా అనే ఇనుప దువ్వెనతో కిందికి బిగించి కొడతారు. షెడ్డంతా ఆ చప్పుడే. ఖాదరన్న గోడవారన స్టూలు మీద కూర్చుని కాసేపు తల వంచుకుని విన్నాడు. తర్వాత మూడో మగ్గం మీద కూర్చున్నావిడను పిలిచి, కుడి అంచు దగ్గర దెబ్బ వదులుగా పడుతోందని చెప్పాడు. నేను వెళ్ళి వేలు పెట్టి చూశాను. నిజమే, అక్కడ ముడులు పట్టు లేకుండా మెత్తగా ఉన్నాయి.

"కళ్ళు పోయినా ఈ షెడ్డు నేనే చూసుకోవాలనుందండి" అన్నాడు ఖాదరన్న. "మా బావమరిది జానీ తనకి అప్పజెప్పమంటున్నాడు. నా చెవులు నేను అనుకున్నంత బాగున్నాయో లేవో నాకే తెలియాలి కదండీ. ఇక్కడ పనివాళ్ళు నా మొహమాటానికి అవునంటారు. కారు అలా కాదు, అంకె చూపిస్తుంది."

ఆ మాట ఆయన సరదాకి అన్నాడనుకున్నాను. ఎందుకంటే ఏ ఎగ్జిబిషన్లో కలిసినా ఆయన తివాచీల కంటే ఎక్కువగా చెప్పుకునేది తన కారు మైలేజీ గురించే. హైవే మీద పద్దెనిమిది ఇస్తుందని, ఆ కాలు నొక్కే తీరు అందరికీ రాదని గొప్పలు పోయేవాడు. పోయిన చూపుతో పాటు ఆ గొప్ప కూడా పోతుందని బెంగ పెట్టుకున్నాడని నేను లెక్క వేసుకున్నాను. నా లెక్క అక్కడే తప్పింది.

బయల్దేరే ముందు కారులో కంప్యూటరు సెట్టింగు మార్చమన్నాడు. పెట్రోలు పోయించినప్పుడల్లా సగటు మైలేజీ దానంతటదే సున్నా అయిపోయేలా ఉందట. అలా కాకుండా, మనం సున్నా చేస్తే తప్ప చెరగకుండా పెట్టాలట. అప్పుడు ప్రయాణం మొత్తానికి ఒకే అంకె నిలుస్తుంది. స్టీరింగు పక్క బటను నొక్కి పట్టుకోమని, తెర మీది జాబితాలో రెండుసార్లు కిందికి దిగమని ఆయన పక్క సీట్లోంచి చూడకుండానే చెబుతున్నాడు. నేను ఏది నొక్కానో ఏమో, తెర మీద అయిదు పాయింట్ ఆరు అని పడింది.

"అన్నా, నీ కారు అయిదున్నరే ఇస్తాంది" అన్నాను. లారీ కూడా అంత తాగదేమో.

ఖాదరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. అది లీటరుకు ఎన్ని కిలోమీటర్లో చెప్పే అంకె కాదు, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో చెప్పే అంకె. నేను కొలతే మార్చేశాను. అలా చూస్తే అంకె ఎంత తక్కువుంటే అంత మంచిది. అయిదు పాయింట్ ఆరంటే దాదాపు పద్దెనిమిది అని ఆయన నోటితోనే లెక్క కట్టి చెప్పాడు. మళ్ళీ పాత కొలతకు తెచ్చి, సగటు సున్నా చేశాం. ఆ నవ్వుతో ఉన్న మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత కారులో ఆయన మళ్ళీ అలా నవ్వలేదు.

భీమడోలు గేటు

మర్నాడు తాడేపల్లిగూడెం బయల్దేరాం, అది రజియమ్మ పుట్టిల్లు. ఖాదరన్న నా పక్కన కూర్చుని ఎడమ అరచేయి తలుపుకు ఆనించి ఉంచాడు. ఏలూరు ఊళ్ళోంచి బయట పడటానికే చాలాసేపు పట్టింది. ఒకచోట వాన్ మీద మంచం, మంచం మీద బీరువా, బీరువా మీద ముసలాయన. ఆ వాన్ నిదానంగా పక్కకు తప్పుకునేదాకా ఒక్కరు కూడా హారను గట్టిగా కొట్టలేదు. మా అనంతపురంలో అయితే ఆ ముసలాయన వంశమంతా రోడ్డు మీదికి వచ్చేసేది.

రజియమ్మ ఎవరికో బట్టలు ఇవ్వాలంటే హైవే దిగి భీమడోలు ఊళ్ళోకి వెళ్ళాం. వచ్చేటప్పుడు రైలు గేటు పడింది. ఎండ మండిపోతోంది. ఏసీ ఆపబోతే రజియమ్మ వద్దంది. ఒక గూడ్సు, దాని వెనకే ఎక్స్‌ప్రెస్సు వెళ్ళేదాకా ఇంజను ఆన్‌లోనే ఉంచి కూర్చున్నాం. గేటు దగ్గర ఒకావిడ ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతోంది. కొసరు అడగకుండానే ఇంకో గుప్పెడు వేసి "పిల్లలకండి" అంది. కారులో పిల్లలెవరూ లేరని నేను చెప్పినా వినలేదు.

గేటు ఎత్తాక ఖాదరన్న అంకె ఎంతని అడిగాడు.

"పన్నెండున్నరన్నా. శానా పడిపోయింది" అన్నాను, మా ఊరి పద్ధతిలో, ఉన్నదున్నట్టు.

ఆయన తల కొంచెం వెనక్కి వాల్చి, పెదాలు బిగించి కూర్చున్నాడు. శనగకాయలు కూడా పక్కన పెట్టేశాడు. హైవే ఎక్కాం, పంట కోసిన మళ్ళలో పశువులు మేస్తున్నాయి, రజియమ్మ వెనక నుంచి ఏదో ఊరి పేరు చెబుతోంది, ఆయన పలకలేదు. చూపు పోయిన మనిషిని ఒక అంకెతో ఇంత బాధపెట్టానా అని నా ప్రాణం ఉసూరుమంది. రెండు రోజులుగా వాళ్ళ ఊరి మెత్తదనం చూస్తున్నానేమో, నా నోరు నాకే మోటుగా అనిపించింది.

ఆయన "ఏవండీ, నాకేమనిపిస్తోందంటే..." అని మొదలుపెట్టాడు. నేను మధ్యలో అందుకున్నాను.

"పెరిగిందిలే అన్నా. హైవే ఎక్కినాం కదా, పదిహేడున్నర చూపిస్తాంది."

నిజానికి పదమూడు కూడా దాటలేదు.

"అవునాండీ?" అన్నాడు ఖాదరన్న. చేయి తలుపు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెప్పబోయిన మాట చెప్పలేదు. నేను మాత్రం మంచి పని చేశాననుకుని ఒక శనగకాయ నోట్లో వేసుకున్నాను.

తాడేపల్లిగూడెం

ఊళ్ళోకి వస్తుంటే ముందు ఉల్లిపాయల వాసన తగిలింది. లారీలకు లారీలు ఉల్లిపాయలు దిగే మార్కెట్టు ఉంది అక్కడ. జానీకి ఆ పక్కనే ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. మంచివాడు, మాటకారి, మర్యాదకు లోటు చేయడు. ఆ మర్యాద గురించి కొంచెం చెప్పాలి. మా వైపు చుట్టాలు వస్తే ముద్ద పెట్టి, వెళ్తుంటే గడప దాకా వస్తారు, అయిపోయింది. ఇక్కడ వెళ్ళొస్తామని లేచాక అసలు పలకరింపులు మొదలవుతాయి. గుమ్మంలో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, కారు తలుపు పట్టుకుని ఇంకోసారి.

మేం ఆ రాత్రి అక్కడ పడుకుని, పొద్దున బయల్దేరదామని లేచాం. జానీ అప్పటికే నా దగ్గర తాళం తీసుకెళ్ళి కారు స్టార్టు చేసి ఏసీ వేసి ఉంచాడు. అతిథులను వేడెక్కిన కారులో ఎక్కించడం వాళ్ళింట్లో తప్పట. ఇక ఆ గుమ్మం మాటలు, మెట్ల మాటలు అయ్యేసరికి ఇంజను కదలకుండా ఎంతసేపు తిరిగిందో నేను చూడలేదు. ఈలోపు డిక్కీలోకి ఉల్లిపాయల బస్తా ఎక్కింది. వద్దంటే ఇంకో అరబస్తా ఎక్కింది. కదలని కారు పెట్రోలు తాగుతూ ఉంటే సగటు పడిపోకుండా ఏం చేస్తుంది? తెర మీద పన్నెండు అని ఉంది.

పెంటపాడు దారి పట్టగానే ఖాదరన్న ఎంతని అడిగాడు. నిన్న పదిహేడున్నర చెప్పినవాణ్ణి ఇవాళ పన్నెండని ఎలా చెప్పను? పదిహేడన్నాను. కొంచెం తగ్గించి చెబితే నిజంలా ఉంటుందని అర పాయింటు తగ్గించాను కూడా. ఇంత తెలివి నాకు వ్యాపారంలో ఎప్పుడూ పనికిరాలేదు.

"బరువేసింది కదండీ. అయినా పదిహేడే ఉందాండీ?" అని మళ్ళీ అడిగాడు. ఉందన్నాను.

పెంటపాడు

పెంటపాడులో సూర్రావుగారని, ఖాదరన్నకు పాత ఖాతాదారు, పెద్ద రైతు. ఆయన హాల్లో ఖాదరన్న షెడ్డులో నేసిన తివాచీ ఉంది. దాని మీద ఎవరూ కాలు పెట్టరు. మంచం కింద దాస్తే పాడవుతుందని గోడకు వేలాడదీశారు. కాళ్ళ కింద వేసుకోవడానికే నేశానండి అని ఖాదరన్న ప్రతిసారీ చెబుతాడట, ఆయన ప్రతిసారీ తల ఊపుతాడట. భోజనంలో కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, ముద్దపప్పు, నాలుగు రకాల పచ్చళ్ళు. మా రాగిసంగటి ఒక ముద్ద తింటే సాయంత్రం దాకా మనిషిని నిలబెడుతుంది. ఈ భోజనం మాత్రం మనిషిని పడుకోబెడుతుంది. లేచేసరికి మా డిక్కీలో కొత్త బియ్యం బస్తా, కొబ్బరికాయలు ఉన్నాయి. సూర్రావుగారి పాలేరు అప్పటికే ఇంజను ఆన్ చేసి చల్లబెట్టి ఉంచాడు. ఈ మర్యాద జానీ ఒక్కడిది కాదని అప్పుడు తెలిసింది.

కారు ఎక్కేటప్పుడు ఖాదరన్న వెనక ఎడమ చక్రం దగ్గర ఆగి, దాని మీద చెయ్యేసి తడిమాడు. ఏమైందన్నా అంటే ఏం లేదండి అన్నాడు.

కొల్లేరు

గణపవరం దాటాక రోడ్డుకు అటూ ఇటూ చేపల చెరువులే. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, గట్ల మీద మేత బస్తాలు. మావైపు బోరు వేసి నీళ్ళు పడితే కొబ్బరికాయ కొడతాం. ఇక్కడ ఇంత నీళ్ళు పెట్టుకుని కూడా నీటి గురించే తగువులట. కొల్లేరు లోపల, సరస్సును ఆక్రమించారని ప్రభుత్వం గట్లు కొట్టేసిన చెరువులు మెట్టలు మెట్టలుగా కనిపిస్తున్నాయి. దారి అడిగితే ఒక పెద్దాయన చెప్పడమే కాకుండా, మలుపు దాకా మా కారు ముందు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. కైకలూరు దగ్గర ఆటపాకలో పక్షులు చూశాం. సంచి ముక్కు గూడబాతులు చెట్ల కొమ్మల మీద గుంపులుగా ఉన్నాయి. అంత బరువు పక్షి అంత సన్న కొమ్మ మీద ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాలేదు. రజియమ్మ ఒక్కొక్కటీ ఎలా ఉందో ఖాదరన్న చెవిలో చెబుతోంది. ఆయన వింటున్నాడు గానీ మనసు అక్కడ లేదు.

అక్కడి నుంచి కొల్లేరు మధ్యగా ఏలూరు పోయే దారి పట్టాం. ఒకచోట గట్టు పక్కన కారు ఆపి, తెర వెలుగు మాత్రం ఉంచి ఇంజను కూడా ఆపేశాను. గాలి, దూరంగా పడవ ఇంజను చప్పుడు, అంతే.

"ఒకటి అడుగుతానండి, దాచకుండా చెప్పండి" అన్నాడు ఖాదరన్న. "ఇప్పుడు ఎంత చూపిస్తోంది?"

పదకొండు పాయింట్ ఎనిమిది ఉంది. పదిహేడని మళ్ళీ అన్నాను. అదే ఆఖరిసారి.

ఖాదరన్న నెమ్మదిగా చెప్పాడు. "నిన్న గేటు దగ్గరి నుంచీ వెనక ఎడమ టైరులో గాలి తగ్గినట్టు నా చెవికి తెలుస్తోందండి. బండి అటే ఒరిగి ఈడుస్తోంది. ఇంజను కూడా నలుగుతోంది. పన్నెండున్నర అని మీరన్నప్పుడు, గేటు కొంత, టైరు కొంత అని మనసులో కట్టుకున్నాను. ఇంతలో పదిహేడన్నారు. టైరులో గాలి తక్కువై, ఇంత బరువేసి, పదిహేడు రాదు కదండీ. అంటే నాకు వినిపించేది నిజం కాదన్నమాట."

రజియమ్మ వెనక సీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కళ్ళతో పాటే చెవులూ పోతున్నట్టున్నాయండి" అన్నాడు ఖాదరన్న. "షెడ్డు జానీకే అప్పజెబుతాను."

భీమడోలు దగ్గర ఆయన మౌనంగా ఉన్నది బాధతో కాదు, లెక్క కట్టుకుంటూ. మంచి అంకె కాదు ఆయనకు కావలసింది. అంకె ఎందుకు పడిందో చెవితో పట్టుకోవడం కావాలి. దాన్ని నేను ఆయన నోట్లోంచి లాగేసుకున్నాను.

అక్కడికక్కడే అంతా చెప్పేశాను. పదిహేడున్నర అబద్ధమని, పదిహేడు అబద్ధమని, తెర మీద ఉన్నది పదకొండు పాయింట్ ఎనిమిదని, నీ చెవులు పక్కాగా ఉన్నాయన్నా అని చెప్పాను. మా ఊళ్ళో అయితే చెంప మీద ఒకటి ఇచ్చేవారు, నేనూ సంతోషంగా తీసుకునేవాణ్ణి. ఖాదరన్న తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు మంచివారండి, నారాయణగారూ" అన్నాడు. "నేను బాధపడుతున్నానని ఇప్పుడు ఇలా అంటున్నారు."

రజియమ్మను చూసి చెప్పమన్నాను. ఆమె ముందుకు వంగి, తెర చూసి, పదకొండనే చెప్పింది. ఖాదరన్న చిరునవ్వు నవ్వాడు. "మీ అన్నయ్యగారు ఎలా చెప్పమంటే అలా చెబుతావు" అన్నాడు. ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి మాట కూడా నా అబద్ధం పక్కన నిలబడలేకపోయింది.

నేను దిగి టైరు చూశాను. నా కళ్ళకు నాలుగూ ఒకలాగే ఉన్నాయి. దారిలో గాలి పట్టే కొట్టు కనబడితే ఆపాను, కరెంటు లేదు, మిషను పనిచేయదన్నారు.

తిరుగు దారి

మర్నాడు పొద్దున, ఏలూరులో కరెంటు ఉండగానే టైరు చూపిద్దాం రమ్మని ఖాదరన్నను బతిమాలాను. ఆయన రానన్నాడు. గాలి సరిగ్గానే ఉందని తేలితే పదిమందిలో తన పరువేమిటని అనలేదు గానీ, నాకు అర్థమైంది. "ఇక చాలండి" అని మాత్రం అన్నాడు. రజియమ్మ దారికి పులిహోర కట్టి ఇచ్చింది. కారు తలుపు దగ్గరికి వచ్చి, ఆయనకు వినబడకుండా, "తగ్గితే ఎందుకు తగ్గిందో కనుక్కోవడమే ఆయన సరదా అండి అన్నయ్యగారూ. నేను ముందే మీకు చెప్పాల్సింది" అంది. నా తప్పులో తనూ కొంత పంచుకోబోయింది. అది కూడా వాళ్ళ మర్యాదే.

హనుమాన్ జంక్షన్ దగ్గర పంక్చరు కొట్టు ముందు ఆపాను. వెనక ఎడమ టైరులో గాలి సగమే ఉంది. విప్పి చూస్తే మేకు, తల అరిగిపోయి, తుప్పు పట్టి ఉంది. ఇది దిగి చాలా రోజులై ఉంటుందని, గాలి కొంచెం కొంచెంగా పోతోందని కొట్టతను చెప్పాడు. అక్కడి నుంచే ఫోను చేశాను. మేకు దొరికిందన్నా, నువ్వు చెప్పిన టైరే, పాత మేకే అని గడగడా చెప్పేశాను. కావాలంటే కొట్టతనితో మాట్లాడమన్నాను.

అటు వైపు నుంచి వెనకాల మగ్గాల చప్పుడు వినబడుతోంది. ఆయన "నా కోసం మేకు కూడా వెతికి పట్టుకున్నారాండీ" అని నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగా కృతజ్ఞతతో అన్న మాట.

షెడ్డు ఇప్పుడు జానీ చూసుకుంటున్నాడు. ఖాదరన్న ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళకు టీ తెప్పిస్తుంటాడని రజియమ్మ చెప్పింది. మగ్గాల వైపు వెళ్ళడట.

ఆ ప్రయాణం సగటును నేను ఇంకా సున్నా చేయలేదు. సెట్టింగు ఆయన పెట్టించినట్టే ఉంది. ధర్మవరం దారుల్లో తిరిగి తిరిగి అంకె ఒకప్పుడు పదహారు దాకా ఎక్కింది. ఈమధ్య మళ్ళీ పడిపోతూ వచ్చింది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండిపోయిందని నాకు తెలుసు, అయినా శుభ్రం చేయించలేదు. ముందు ఏలూరుకు ఫోను చేశాను. పద్నాలుగుకు పడిపోయిందన్నా అని చెప్పి ఆగాను. యాక్సిలరేటరు తొక్కితే ఎలా ఉంది, చప్పుడు ఎటు నుంచి వస్తోంది, అని ఏదో ఒకటి అడుగుతాడని ఫోను చెవికి నొక్కుకుని నిలబడ్డాను.

"అలాగాండీ" అన్నాడు ఖాదరన్న. "ఎంతొస్తే అంతేలెండి. జాగ్రత్తగా నడుపుకోండి."